రెండు టేబుళ్లలో ఒకే పేరు: ఆంబిగ్యువస్ కాలమ్ ఎర్రర్‌కి ఏ పరిష్కారం ఎక్కడ వాడాలి

రెండు టేబుళ్లు జాయిన్ చేసి సెలెక్ట్‌లో ఊరికే "ఐడీ" అని రాశారనుకోండి, డేటాబేస్ అక్కడే ఆగిపోతుంది. మైఎస్క్యూఎల్ 1052 ఎర్రర్ ఇస్తుంది, పోస్ట్‌గ్రెస్ 42702 కోడ్ చూపిస్తుంది, ఎస్క్యూఎల్ సర్వర్‌లో 209, ఒరాకిల్‌లో ఓఆర్ఏ-00918. నంబర్లు వేరైనా చెప్పేది ఒకటే: ఈ పేరుతో కాలమ్ ఒకటి కంటే ఎక్కువ టేబుళ్లలో ఉంది, ఏది కావాలో మీరే చెప్పండి అని. మైఎస్క్యూఎల్ అయితే తకరారు ఎక్కడుందో కూడా చెబుతుంది, సెలెక్ట్‌లోనా, వేర్‌లోనా, ఆన్‌లోనా, ఆర్డర్ బైలోనా అని, కాబట్టి మెసేజ్ చివరిదాకా చదవండి. క్లాసులో ఇద్దరు శ్రీనివాసులుంటే ఇంటిపేరుతో పిలిచినట్టు కాలమ్ ముందు టేబుల్ పేరు పెడితే ఎర్రర్ పోతుంది, చాలామంది అక్కడితో వదిలేస్తారు.

కానీ ఎర్రర్ వచ్చినచోట అసలు నష్టమేమీ లేదు. క్వెరీ నడవలేదు, డేటా చెడలేదు, సరిచేసుకుని ముందుకెళ్లొచ్చు. టెన్షన్ పడాల్సింది ఎర్రర్ రాకుండానే డేటాబేస్ మీరు అనుకోని కాలమ్‌ని తీసుకునే చోట్ల గురించి, అవి తక్కువేం కాదు. అందుకే ఇక్కడ ఒక్కో పద్ధతినీ "దీంతో ఎర్రర్ పోతుందా" అని చూడటం లేదు, ఆరు నెలల తర్వాత ఎవరో టేబుల్‌కి కొత్త కాలమ్ కలిపినా ఈ క్వెరీ ఇదే జవాబు ఇస్తుందా అని చూస్తున్నాను. అలా చూస్తే నా సలహా ఇది: ఒకటికి మించి టేబుళ్లున్న ప్రతి క్వెరీలో ప్రతి కాలమ్ ముందు చిన్న అలియాస్ (ఆ క్వెరీ వరకు టేబుల్‌కి పెట్టుకునే పొట్టి పేరు) పెట్టండి, ఫలితంలో ఒకే పేరుతో రెండు కాలమ్స్ వచ్చేటట్టుంటే వాటికి వేరే పేర్లు ఇవ్వండి. యూజింగ్ కొన్ని రకాల పనికి బాగుంటుంది. నాచురల్ జాయిన్ పనికిరాదు. ఎందుకో వివరంగా చూద్దాం.

ఉదాహరణకి ఒక కాలేజీ ఫీజుల డేటాబేస్ తీసుకుందాం. మూడు టేబుళ్లు. స్టూడెంట్స్‌లో ఐడీ, నేమ్, బ్రాంచ్_ఐడీ, స్టేటస్, క్రియేటెడ్_యాట్ ఉన్నాయి. పేమెంట్స్‌లో ఐడీ, స్టూడెంట్_ఐడీ, అమౌంట్, మోడ్, క్రియేటెడ్_యాట్. బ్రాంచెస్‌లో ఐడీ, నేమ్, సిటీ. చదవడానికి వీలుగా క్వెరీలు కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషులో కొట్టుకోండి.

అవసరమైన చోటే ముందుపేరు పెట్టడం

చాలా కోడ్‌లో కనిపించేది ఇదే. ఎర్రర్ వచ్చిన కాలమ్‌కి మాత్రం టేబుల్ పేరు తగిలించి, మిగతావి అలాగే వదిలేస్తారు.

సెలెక్ట్ నేమ్, అమౌంట్, మోడ్
ఫ్రమ్ స్టూడెంట్స్ జాయిన్ పేమెంట్స్ ఆన్ స్టూడెంట్_ఐడీ = స్టూడెంట్స్.ఐడీ
వేర్ స్టేటస్ = 'యాక్టివ్'

ఈ రోజు ఇది నడుస్తుంది, ఎందుకంటే స్టేటస్ అనే కాలమ్ స్టూడెంట్స్‌లో మాత్రమే ఉంది. రేపు పేమెంట్ గేట్‌వే పెట్టాక, డబ్బు వచ్చిందా ఫెయిలైందా అని రాసుకోవడానికి పేమెంట్స్‌లో కూడా స్టేటస్ కాలమ్ పెడతారు, అది సహజమైన పేరే. ఆ మైగ్రేషన్, అంటే టేబుల్‌లో ఆ మార్పు చేసే స్క్రిప్టు, నడిచిన క్షణం నుంచి ఈ క్వెరీ ఆంబిగ్యువస్ అని పడిపోతుంది. కోడ్ ఎవరూ ముట్టుకోలేదు, డిప్లాయ్ చేసిన మనిషికి ఈ క్వెరీ ఉందని కూడా తెలియదు, పడింది మాత్రం ఫీజు కౌంటర్ స్క్రీన్. కాలమ్ కలపడం ఎవరి దృష్టిలోనూ ప్రమాదకరమైన మార్పు కాదు కాబట్టి దాన్ని ఎవరూ పెద్దగా రివ్యూ చేయరు కూడా.

ఒకే టేబుల్ ఉన్న క్వెరీకి ఇది సరిపోతుంది, అక్కడ అనవసరంగా అలియాస్‌లు పెట్టి బరువు పెంచకండి. టర్మినల్లో ఒకసారి చూసి పారేసే క్వెరీకి కూడా ఫర్వాలేదు. రెపోలోకి వెళ్లే కోడ్‌లో జాయిన్ ఉంటే మాత్రం వద్దు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది, చదివేవాళ్లది. ఐదు టేబుళ్లు జాయిన్ చేసిన క్వెరీలో ఊరికే "మోడ్" అని కనిపిస్తే అది ఏ టేబుల్లోదో తెలుసుకోవడానికి స్కీమా (ఏ టేబుల్లో ఏ కాలమ్స్ ఉన్నాయో చెప్పే నిర్మాణం) తెరిచి వెతకాలి.

పూర్తి టేబుల్ పేరా, అలియాసా

రెండూ అర్థంలో ఒకటే, పనితీరులో ఏ తేడా లేదు, తేడా అంతా చదవడంలోనే. టేబుల్ పేర్లు చిన్నవై, రెండే ఉంటే, పూర్తి పేరు రాయడం నిజంగా బాగుంటుంది: స్టూడెంట్స్.నేమ్, పేమెంట్స్.అమౌంట్. చూడగానే అర్థమవుతుంది, పైకి వెళ్లి అలియాస్ దేనికి పెట్టారో చూడక్కర్లేదు. పేర్లు పొడుగైనా, టేబుళ్లు మూడు దాటినా లైన్లు సాగిపోయి కళ్లకి బరువవుతుంది, అప్పుడు అలియాస్:

సెలెక్ట్ ఎస్.నేమ్, పి.అమౌంట్, బి.సిటీ
ఫ్రమ్ స్టూడెంట్స్ ఎస్
జాయిన్ పేమెంట్స్ పి ఆన్ పి.స్టూడెంట్_ఐడీ = ఎస్.ఐడీ
జాయిన్ బ్రాంచెస్ బి ఆన్ బి.ఐడీ = ఎస్.బ్రాంచ్_ఐడీ

అలియాస్ టేబుల్ పేరుని గుర్తుచేసేలా ఉండాలి. వరసగా ఏ, బీ, సీ అనో టీ1, టీ2, టీ3 అనో పెట్టేవాళ్లున్నారు, అంతకంటే పూర్తి పేరే మేలు. పేమెంట్స్, ప్రోగ్రామ్స్ రెండూ వస్తే రెండింటికీ "పి" కుదరదు కాబట్టి "పే", "ప్రోగ్" అని పెట్టుకోండి, ఒక్క అక్షరమే ఉండాలని రూలేం లేదు. ప్రాజెక్టు మొత్తంలో ఒక టేబుల్‌కి ఎప్పుడూ ఒకే అలియాస్ వాడితే ఇంకా బాగుంటుంది, వేరేవాళ్ల క్వెరీ తెరిచినా కళ్లకి అలవాటైన పేర్లే కనిపిస్తాయి.

ఇందులో కొత్తవాళ్లు తట్టుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. అలియాస్ పెట్టాక అసలు టేబుల్ పేరు ఆ క్వెరీలో చెల్లదు, "ఎస్" అని పెట్టి వేర్‌లో స్టూడెంట్స్.స్టేటస్ అని రాస్తే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, మైఎస్క్యూఎల్ కూడా అలాంటి కాలమ్ తెలియదంటుంది. ఒరాకిల్‌లో టేబుల్ అలియాస్ ముందు "యాజ్" రాయకూడదు, కాలమ్ అలియాస్‌కి మాత్రం రాయొచ్చు. అందుకే రెండు మూడు డేటాబేస్‌ల మీద నడవాల్సిన కోడ్ అయితే టేబుల్‌కి యాజ్ లేకుండా, కాలమ్‌కి యాజ్‌తో రాయడం అలవాటు చేసుకోండి, అన్నిచోట్లా చెల్లుతుంది. పోస్ట్‌గ్రెస్ అప్‌డేట్‌లో సెట్ తర్వాత ఎడమవైపు కాలమ్‌కి అలియాస్ తగిలించకూడదు, "సెట్ స్టేటస్ =" అని ఉట్టి పేరే రాయాలి, కుడివైపు మాత్రం అలియాస్ పెట్టొచ్చు, పెట్టాలి కూడా. మైఎస్క్యూఎల్‌లో ఎడమవైపు కూడా ఒప్పుకుంటుంది.

సెల్ఫ్ జాయిన్‌లో ఎంపిక అనే మాటే లేదు. ఉద్యోగి, అతని మేనేజరు ఇద్దరూ ఎంప్లాయీస్ టేబుల్లోనే ఉంటారు కాబట్టి కనీసం ఒకదానికైనా అలియాస్ పెట్టకపోతే క్వెరీ మొదలే కాదు. అక్కడ ఇ1, ఇ2 అని కాకుండా "ఎంప్", "మేనేజర్" అని పాత్రని బట్టి పెట్టండి. మేనేజర్.నేమ్ అని చదివితే ఇంకేం వివరణ అక్కర్లేదు. ఒకే టేబుల్ రెండు పాత్రల్లో వచ్చే ప్రతి చోటా ఇంతే, బయల్దేరే స్టేషను, చేరే స్టేషను లాంటివి.

యూజింగ్: ఎక్కడ బాగుంటుంది

యూజింగ్, నాచురల్ జాయిన్ రెండూ 1992 ఎస్క్యూఎల్ ప్రమాణంతో వచ్చినవే. రెండు టేబుళ్లలోనూ కాలమ్ పేరు ఒకటే అయితే ఆన్ బదులు "యూజింగ్ (స్టూడెంట్_ఐడీ)" అని రాయొచ్చు. దీని అసలు ఉపయోగం నాలుగు అక్షరాలు తగ్గడం కాదు, ఫలితంలో ఆ కాలమ్ రెండుసార్లు కాకుండా ఒక్కసారే వస్తుంది, దానికి ముందుపేరు పెట్టకపోయినా ఆంబిగ్యువస్ అనదు. లెఫ్ట్ జాయిన్‌లో ఎడమ టేబుల్ విలువ వస్తుంది, రైట్ జాయిన్‌లో కుడిది.

ఫుల్ అవుటర్ జాయిన్‌లో, అంటే జత దొరకని వరసలు కూడా రెండు వైపుల నుంచీ వచ్చే జాయిన్‌లో, దీని విలువ బాగా తెలుస్తుంది. పోయిన ఏడాది ఫీజుల లెక్క ఒక వైపు, ఈ ఏడాది లెక్క ఇంకో వైపు పెట్టి, ఎవరు మానేశారు, ఎవరు కొత్తగా చేరారు అని చూడాలనుకోండి. ఆన్‌తో రాస్తే ఎడమ స్టూడెంట్_ఐడీ కొన్ని వరసల్లో నల్ (విలువ లేదు), కుడిది మరికొన్నింట్లో నల్, రెండింటినీ కలపడానికి, నల్ కాని మొదటి విలువ తీసుకునే కోఅలెస్ మీరే రాయాలి. యూజింగ్ అయితే ఆ కలపడం అదే చేసి పెడుతుంది. రిపోర్టులు, డేటా సరిచూసే క్వెరీలు రాసేవాళ్లకి ఇది నిజంగా హాయి. మైఎస్క్యూఎల్ వాళ్లకి మాత్రం ఈ సుఖం లేదు, అందులో ఫుల్ అవుటర్ జాయినే లేదు.

ఇక ఇబ్బందులు. ఎస్క్యూఎల్ సర్వర్‌లో యూజింగ్ లేదు, ఆ వాతావరణంలో పనిచేసేవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు. ఒరాకిల్‌లో ఉంది కానీ యూజింగ్‌లో పెట్టిన కాలమ్‌కి ముందుపేరు తగిలిస్తే ఓఆర్ఏ-25154 ఎర్రర్ వస్తుంది, అంటే ప్రతి కాలమ్‌కీ అలియాస్ అని మనం పెట్టుకున్న నియమం అక్కడే తిరగబడుతుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్క్యూఎల్ ముందుపేరుని ఒప్పుకుంటాయి. మూడో టేబుల్ జాయిన్ చేసేటప్పుడు ఎడమ పక్కన ఆ పేరు అప్పటికే రెండు చోట్ల ఉంటే, ఆ పేరు ఎడమ వైపు ఒకటి కంటే ఎక్కువసార్లు ఉందని పోస్ట్‌గ్రెస్ మళ్లీ ఆపేస్తుంది. అన్నిటికంటే ముందు, మన ఉదాహరణలో లాగా ఒక టేబుల్లో ఐడీ, ఇంకోదాంట్లో స్టూడెంట్_ఐడీ అని ఉంటే యూజింగ్ రాయడానికే కుదరదు.

నాచురల్ జాయిన్

బీటెక్ డీబీఎంఎస్ పేపర్లో రిలేషనల్ ఆల్జీబ్రా చదివినప్పుడు నాచురల్ జాయిన్ చాలా అందంగా కనిపిస్తుంది, కాగితం మీద అది అందమైనదే. పనిలో మాత్రం ఏ కాలమ్స్ మీద జాయిన్ జరగాలో మీరు రాయరు, రెండు టేబుళ్లలో ఏ పేర్లు కలిస్తే వాటన్నిటి మీదా జరిగిపోతుంది. స్టూడెంట్స్‌లో, పేమెంట్స్‌లో రెండింట్లోనూ ఐడీ ఉంది, క్రియేటెడ్_యాట్ ఉంది. నాచురల్ జాయిన్ అంటే విద్యార్థి ఐడీ, పేమెంట్ ఐడీ సమానమై, ఆ రెండు వరసలూ సృష్టించిన క్షణం కూడా ఒకటే అవ్వాలన్నమాట. దాదాపు ఖాళీ ఫలితం వస్తుంది, ఎర్రర్ రాదు. కలిసే పేర్లు ఒక్కటీ లేకపోతే ఇంకో రకం: పోస్ట్‌గ్రెస్‌లో అది క్రాస్ జాయిన్ అయిపోతుంది, పదివేల వరసల్ని పదివేలతో గుణించి కూర్చుంటుంది. ఒక్క కాలమ్ పేరు మార్చినందుకు జాయిన్ షరతే మారిపోయే రాత ఏ ప్రాజెక్టుకీ వద్దు.

స్కీమాలోనే పేర్లు కలవకుండా చూసుకోవడం

ఇది పాత వాదన. ప్రైమరీ కీకి "ఐడీ" అని పెట్టాలా, "స్టూడెంట్_ఐడీ" అని పెట్టాలా? రైల్స్, లారావెల్, జాంగో లాంటివి మీరేం చెప్పకపోతే ఐడీ అనే తీసుకుంటాయి, వాటితో పనిచేసేటప్పుడు ఎదురీదడం దండగ, ఐడీ అనే పెట్టండి. డేటా వేర్‌హౌస్, రిపోర్టింగ్ టేబుళ్లు, చేత్తో ఎక్కువ ఎస్క్యూఎల్ రాసే టీములు అయితే స్టూడెంట్_ఐడీ అన్నిచోట్లా ఒకే పేరుతో ఉండటమే మేలు. యూజింగ్ రాయొచ్చు, ఫలితంలో ఐడీలు ఢీకొనవు. కింద చెప్పబోయే ఇన్ సబ్‌క్వెరీ ప్రమాదం కూడా ఆ కీ వరకు తగ్గుతుంది.

ప్రతి కాలమ్‌కీ టేబుల్ పేరు అతికించడం, అంటే స్టూ_నేమ్, స్టూ_స్టేటస్, పే_అమౌంట్ అని పెట్టడం, కొన్ని పాత సిస్టమ్స్‌లో చూస్తాం. ఆంబిగ్యువస్ అనే మాటే రాదు, నిజమే. కానీ సెల్ఫ్ జాయిన్‌లో ఎలాగూ అలియాస్ కావాల్సిందే, ఒకే టేబుల్ క్వెరీల్లో కూడా ఆ బరువు మోయాల్సిందే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పను. ఉన్న సిస్టమ్‌లో అలా ఉంటే మార్చమనీ చెప్పను.

నేమ్, స్టేటస్, టైప్, డేట్, క్రియేటెడ్_యాట్ లాంటి పేర్లు ఎలాగూ ప్రతి టేబుల్లో ఉంటాయి, కాబట్టి స్కీమా ఎంత జాగ్రత్తగా పెట్టినా క్వెరీలో అలియాస్ అవసరం పోదు. వీలైన చోట మాత్రం కొంచెం విడమరిచి పెట్టండి. పేమెంట్స్‌లో క్రియేటెడ్_యాట్‌తో పాటు డబ్బు చేతికొచ్చిన తేదీకి "పెయిడ్_ఆన్" అని వేరే కాలమ్ ఉంటే ఆ రెండూ కలగాపులగం కావు, నిజానికి అవి రెండూ వేరే విషయాలు కూడా.

ఫలితంలో ఒకే పేరు రెండుసార్లు వస్తే

ఎర్రర్ లేకుండా తప్పు జరిగే చోట్లలో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేది ఇది. క్వెరీలో అలియాస్‌లన్నీ సరిగ్గా పెట్టారు:

సెలెక్ట్ ఎస్.నేమ్, బి.నేమ్, పి.అమౌంట్

డేటాబేస్‌కి ఏ సందేహం లేదు, మూడు కాలమ్స్ పంపిస్తుంది, మొదటి రెండింటి పేరు "నేమ్". అలియాస్ ముందుపేరు ఫలితంలోకి రాదు, కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. మైఎస్క్యూఎల్ టర్మినల్లో చూస్తే రెండు నేమ్‌లూ పక్కపక్కన కనిపిస్తాయి, అంతా బాగుందనిపిస్తుంది. ప్రోగ్రాములోకి వచ్చాక ఆ వరస కాలమ్ పేర్లతో ఒక డిక్షనరీ అవుతుంది, అందులో "నేమ్" ఒక్కటే పట్టగలదు. పీహెచ్‌పీలో మైఎస్క్యూఎల్ఐ ఫెచ్_అసోక్ అయితే చివరి కాలమ్ నిలుస్తుంది, ముందుది పోతుంది. అంటే ఫీజు రసీదు మీద విద్యార్థి పేరు ఉండాల్సిన చోట బ్రాంచి పేరు పడుతుంది.

రసీదు మీద పడితే కనీసం కంటికి కనిపిస్తుంది. ఐడీల విషయంలో అది కూడా ఉండదు. లారావెల్‌లో స్టూడెంట్ మోడల్ నుంచి మొదలుపెట్టి బ్రాంచెస్‌ని జాయిన్ చేసి, సెలెక్ట్ చెప్పకుండా గెట్ కొడితే, స్టార్ (అన్ని కాలమ్స్ అని) కాబట్టి రెండు ఐడీలూ వస్తాయి, తర్వాత వచ్చిన బ్రాంచి ఐడీ మోడల్లో కూర్చుంటుంది. చేతిలో ఉన్నది 4182 నంబరు విద్యార్థి, మోడల్ మాత్రం నా ఐడీ 3 అంటుంది. ఆ మోడల్లో ఏదో మార్చి సేవ్ చేస్తే 3వ నంబరు విద్యార్థి రికార్డు మారుతుంది. జాయిన్ రాసిన ప్రతిసారీ సెలెక్ట్‌లో స్టూడెంట్స్.స్టార్ అని చెప్పి, బ్రాంచెస్ నుంచి కావాల్సింది మాత్రం విడిగా పేరు మార్చి తెచ్చుకోండి.

లెఫ్ట్ జాయిన్‌లో ఇంకో మలుపు. ఎస్.స్టార్, పి.స్టార్ అని తెచ్చుకుంటే, ఇంకా ఫీజు కట్టని విద్యార్థికి పేమెంట్ కాలమ్స్ అన్నీ నల్, ఆ నల్ ఐడీ వచ్చి అసలు ఐడీ మీద కూర్చుంటుంది. ఫీజు కట్టినవాళ్లకి తప్పు ఐడీ, కట్టనివాళ్లకి అసలు ఐడీయే లేదు.

దీనికి పరిష్కారాలు పోల్చి చూస్తే నాకు నచ్చేది ఒకటే, యాజ్‌తో పేరు మార్చడం: ఎస్.నేమ్ యాజ్ స్టూడెంట్_నేమ్, బి.నేమ్ యాజ్ బ్రాంచ్_నేమ్. ఏ భాషలో రాసినా, ఏ డ్రైవర్ వాడినా పనిచేస్తుంది. నోడ్‌లో మైఎస్క్యూఎల్ డ్రైవర్‌కి నెస్ట్‌టేబుల్స్ అనే ఆప్షన్ ఉంది, అది టేబుల్ వారీగా వేరే ఆబ్జెక్టులు చేసి ఇస్తుంది. బాగానే ఉంటుంది గానీ మీ కోడ్ ఆ డ్రైవర్‌కి కట్టుబడిపోతుంది. బిగ్‌క్వెరీలో "సెలెక్ట్ స్టార్ ఎక్సెప్ట్", స్నోఫ్లేక్, డక్‌డీబీల్లో "ఎక్స్‌క్లూడ్" అని ఉన్నాయి, ఎనభై కాలమ్స్ ఉన్న టేబుల్లో ఒక్క ఐడీని వదిలేయాలంటే వాటికి మించింది లేదు. పాండాస్ మెర్జ్ వాడేవాళ్లకి కలిసిన పేర్ల చివర అండర్‌స్కోర్ ఎక్స్, అండర్‌స్కోర్ వై అని దానంతటదే వస్తుంది. ఏదీ పోదు కానీ నేమ్_ఎక్స్ ఎవరిదో వారం తర్వాత మీకే గుర్తుండదు, సఫిక్సెస్ మీరే చెప్పుకోండి.

తరచూ వాడే జాయిన్ అయితే ఒక వ్యూ (డేటాబేస్‌లోనే పేరు పెట్టి దాచుకునే క్వెరీ) పెట్టేయడం ఇంకా నయం. వ్యూలో ఒకే పేరు రెండుసార్లు ఉంటే డేటాబేస్ అసలు సృష్టించదు, మైఎస్క్యూఎల్ 1060 ఎర్రర్ ఇస్తుంది, పోస్ట్‌గ్రెస్ కూడా ఆపేస్తుంది. కాబట్టి పేర్లు సరిగ్గా పెట్టక తప్పదు, ఒక్కసారి పెడితే అందరికీ సరిపోతుంది.

ఇన్ సబ్‌క్వెరీ: అలియాస్ లేకపోతే టేబులే ఖాళీ అవుతుంది

కాలేజీ మానేసిన విద్యార్థుల పాత పేమెంట్ రికార్డులు తీసేయాలి అనుకుందాం. ఇలా రాస్తారు:

డిలీట్ ఫ్రమ్ పేమెంట్స్
వేర్ స్టూడెంట్_ఐడీ ఇన్ (సెలెక్ట్ స్టూడెంట్_ఐడీ ఫ్రమ్ స్టూడెంట్స్ వేర్ స్టేటస్ = 'లెఫ్ట్')

జాగ్రత్తగా చూడండి. స్టూడెంట్స్ టేబుల్లో స్టూడెంట్_ఐడీ అనే కాలమ్ లేదు, అక్కడున్నది ఐడీ. ఎర్రర్ రావాలి కదా? రాదు. లోపలి క్వెరీలో పేరు దొరక్కపోతే డేటాబేస్ బయటి క్వెరీలో వెతుకుతుంది, ఎస్క్యూఎల్ నియమమే అది. బయట పేమెంట్స్‌లో స్టూడెంట్_ఐడీ ఉంది, దాన్ని తీసుకుంటుంది. అంటే షరతు "ఈ పేమెంట్ స్టూడెంట్_ఐడీ, ఇదే పేమెంట్ స్టూడెంట్_ఐడీల్లో ఉందా" అని అయిపోయింది, నల్ కాకపోతే అది ఎప్పుడూ నిజమే. మానేసిన విద్యార్థి ఒక్కడున్నా చాలు, నల్ లేని పేమెంట్స్ అన్నీ పోతాయి. టెస్ట్ డేటాబేస్‌లో మానేసినవాళ్లు ఎవరూ లేకపోతే లోపలి ఫలితం ఖాళీ, ఒక్క వరస కూడా పోదు, క్వెరీ భేషుగ్గా ఉందని ముద్ర వేసి ప్రొడక్షన్‌కి పంపిస్తారు.

ఇదే లోపల "సెలెక్ట్ ఎస్.స్టూడెంట్_ఐడీ ఫ్రమ్ స్టూడెంట్స్ ఎస్" అని ఉంటే, ఎస్‌లో అలాంటి కాలమ్ లేదని డేటాబేస్ వెంటనే ఆపేసేది. జాయిన్ లేదు, సబ్‌క్వెరీలో ఒకే టేబుల్ ఉంది కదా, అలియాస్ ఎందుకు అని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే. క్వెరీ మొత్తంలో ఎక్కడైనా రెండో టేబుల్ ఉంటే, అది సబ్‌క్వెరీలో ఉన్నా సరే, అలియాస్ పెట్టాలి. ఎగ్జిస్ట్స్‌తో రాసేటప్పుడు షరతులో రెండు వైపులా అలియాస్ రాయడం మామూలు కాబట్టి ఈ జాతి తప్పు జరగడం కష్టం, డిలీట్‌లకీ అప్‌డేట్‌లకీ నేను దాన్నే ఇష్టపడతాను.

గ్రూప్ బైలో దొంగ పేరు

పేరు మార్చడం మంచిదన్నాను గానీ, ఉన్న కాలమ్ పేరునే మళ్లీ పెట్టకండి. రోజువారీ వసూళ్లు కావాలి:

సెలెక్ట్ డేట్(పి.క్రియేటెడ్_యాట్) యాజ్ క్రియేటెడ్_యాట్, సమ్(పి.అమౌంట్)
ఫ్రమ్ పేమెంట్స్ పి
గ్రూప్ బై క్రియేటెడ్_యాట్

గ్రూప్ బైలో ఆ పేరు రెండింటికి సరిపోతుంది, టేబుల్లోని అసలు కాలమ్‌కి, మీరు పెట్టిన కొత్త పేరుకి. పోస్ట్‌గ్రెస్, మైఎస్క్యూఎల్ రెండూ టేబుల్ కాలమ్‌నే తీసుకుంటాయి. అది సెకన్లతో సహా ఉన్న సమయం కాబట్టి దాదాపు ప్రతి పేమెంటూ ఒక గ్రూపు అవుతుంది, ఒకే తేదీ పాతిక వరసల్లో వస్తుంది. ఆర్డర్ బై మాత్రం దీనికి తలకిందులు, అక్కడ రెండూ మీరు పెట్టిన పేరుకే మొగ్గు చూపుతాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోవడం కంటే "పే_డే" లాంటి కొత్త పేరు పెట్టడం తేలిక, లేదా గ్రూప్ బైలో డేట్(పి.క్రియేటెడ్_యాట్) అనే మొత్తం మాటనే రాయండి.

ప్రొసీజర్లలో వేరియబుల్ పేరు

స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే దాచి నడిపే చిన్న ప్రోగ్రాము) రాస్తూ పారామీటర్‌కి కూడా స్టూడెంట్_ఐడీ అనే పేరే పెట్టి, "వేర్ స్టూడెంట్_ఐడీ = స్టూడెంట్_ఐడీ" అని రాస్తే ఏమవుతుందో డేటాబేస్‌ని బట్టి ఉంటుంది. మైఎస్క్యూఎల్ రెండింటినీ వేరియబుల్ అనుకుంటుంది. ఒరాకిల్ రెండింటినీ కాలమ్ అనుకుంటుంది. దారులు వేరైనా చేరేది ఒక్కచోటికే, షరతు ఎప్పుడూ నిజమై అన్ని వరసలూ దొరుకుతాయి. పోస్ట్‌గ్రెస్ మాత్రం 9.0 నుంచి ఆంబిగ్యువస్ అని ఆపేస్తుంది, సెట్టింగ్ మార్చుకునే వీలున్నా మార్చకండి, ఆ ఎర్రర్ మీకు మేలే చేస్తోంది. పారామీటర్లన్నిటికీ "పి_" అని ముందు చేర్చే పాత అలవాటు ఇక్కడ బాగా పనికొస్తుంది.

పోస్ట్‌గ్రెస్‌లో ఇన్సర్ట్ ఆన్ కాన్‌ఫ్లిక్ట్ (ఆ వరస అప్పటికే ఉంటే దాన్నే అప్‌డేట్ చేసే ఇన్సర్ట్) రాసేవాళ్లు కూడా ఇదే ఎర్రర్‌తో అవాక్కవుతారు, ఉన్నది ఒకటే టేబుల్ కదా అని. "సెట్ టోటల్ = టోటల్ + ఎక్స్‌క్లూడెడ్.టోటల్" అంటే కుడివైపు ఉట్టి టోటల్ పాత వరసదా, కొత్తగా వస్తున్నదా అని దానికి సందేహం. పాతదాని ముందు టేబుల్ పేరు పెడితే చాలు.

మీ పరిస్థితికి ఏది

ఫ్రేమ్‌వర్క్ ఓఆర్ఎంతో (మీ కోడ్ నుంచి ఎస్క్యూఎల్ తయారుచేసి పెట్టే పొర) వెబ్ అప్లికేషన్ రాస్తున్నారా? ప్రైమరీ కీ ఐడీ అనే ఉంచండి. రైల్స్‌లో షరతుని హాష్‌గా ఇస్తే టేబుల్ పేరు అదే తగిలిస్తుంది, స్ట్రింగ్‌గా రాస్తే తగిలించదు. జాయిన్ కలిసే అవకాశమున్న స్కోపులన్నిట్లో హాష్ వాడండి, స్ట్రింగ్ తప్పనిసరైతే టేబుల్ పేరు మీరే రాయండి. ఆర్డర్ బై స్ట్రింగుల్లో "క్రియేటెడ్_యాట్" అని వదిలేసినవి తరచూ ఇలాగే పడతాయి.

పోస్ట్‌గ్రెస్‌లోనో వేర్‌హౌస్‌లోనో రిపోర్టులు రాసేవాళ్లయితే కీ పేర్లు అన్నిచోట్లా ఒకటే పెట్టుకుని యూజింగ్ ధైర్యంగా వాడండి, మిగతా కాలమ్స్‌కి అలియాస్ వదలకండి. ఎస్క్యూఎల్ సర్వర్, ఒరాకిల్ మీద పనిచేసేవాళ్లకి, లేదా రెండు డేటాబేస్‌లకి సరిపడా రాయాల్సినవాళ్లకి ఆన్, అలియాస్, యాజ్, ఈ మూడే. నేర్చుకుంటున్నవాళ్లు కూడా అవే అలవాటు చేసుకోండి. ఇంటర్వ్యూలో జాయిన్ రాయమన్నప్పుడు ప్రతి కాలమ్ ముందు అలియాస్ కనిపిస్తే, ఏ కాలమ్ ఎక్కడిదో మీకు తెలుసని ఎదుటివాళ్లకి అర్థమవుతుంది.

ఇప్పటికే వందల క్వెరీలున్న పాత ప్రాజెక్టు చేతికొస్తే అన్నీ ఒకేసారి మార్చాలని కూర్చోకండి. ముందు సబ్‌క్వెరీ ఉన్న డిలీట్‌లు, అప్‌డేట్‌లు వెతికి వాటికి అలియాస్ పెట్టండి, డేటా పోయేది అక్కడే. తర్వాత జాయిన్‌తో పాటు స్టార్ ఉన్న సెలెక్ట్‌లు. మిగిలినవి ఎస్క్యూఎల్‌ఫ్లఫ్ లాంటి లింటర్‌కి (కోడ్‌ని నడపకుండానే చదివి తప్పులు చూపే టూల్) వదిలేయండి, అందులో ఆర్ఎఫ్02 అనే రూల్ ఒకటి కంటే ఎక్కువ టేబుళ్లున్న క్వెరీలో ముందుపేరు లేని కాలమ్స్‌ని పట్టిస్తుంది. దాన్ని మొదట కొత్తగా మార్చిన ఫైళ్ల మీద మాత్రమే నడిచేలా పెట్టుకుంటే టీములో ఎవరికీ భారం అనిపించదు.